మంచు కాలంలో ఇంట్లోనే సైకిల్ సాధన: ట్రైనర్‌ను ఎలా ఎంచుకోవాలి?

షికాగోలో డిసెంబరు నెలలో సాయంత్రం నాలుగున్నర కాకముందే పొద్దు గూకుతుంది. మిషిగన్ సరస్సు ఒడ్డున 18 మైళ్ల పొడవునా సాగే లేక్‌ఫ్రంట్ ట్రెయిల్ మీద అలల తుంపర గడ్డకట్టి, కొన్నిచోట్ల నడవడానికే భయమేస్తుంది. రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు చైన్‌నూ బేరింగులనూ తినేస్తుంది. నేపర్‌విల్, షాంబర్గ్, అరోరా వైపు ఉండే మనవాళ్లలో వేసవి అంతా శ్రద్ధగా సైకిల్ తొక్కి, థాంక్స్‌గివింగ్ నాటికి దాన్ని గరాజులో పెట్టేసి, ఏప్రిల్‌లో మళ్లీ మొదటికొచ్చేవారు చాలామంది ఉన్నారు. ఆ నాలుగైదు నెలల విరామంతో వేసవిలో సంపాదించుకున్న దమ్ము చాలావరకు పోతుంది. అది పోకుండా చూసుకోవడానికి సైకిల్‌ను ఇంట్లోనే నిలబెట్టి తొక్కే ట్రైనర్ అనే పరికరాన్ని ఎలా ఎంచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. మినియాపొలిస్‌లో ఉన్నా టొరంటోలో ఉన్నా పద్ధతి ఇదే.

కొనేవారిలో ఎక్కువమంది యంత్రంతో మొదలుపెడతారు. ఏది ఎన్ని వాట్లు తట్టుకుంటుంది, ఏది ఎంత ఎత్తు కొండను అనుకరిస్తుంది, దేనికి ఎంత తగ్గింపు ఇస్తున్నారు అని చూసి, పెట్టె ఇంటికి వచ్చాక తమ సైకిల్ దానికి అమరదనో, కింది అంతస్తువాళ్లు ఊరుకోరనో తెలుసుకుంటారు. ఆ వరుసను తిరగెయ్యాలి. ముందు మీ సైకిల్, తర్వాత మీ గది, ఆ తర్వాత మీ అవసరం చూసుకోండి. ఈ మూడూ తేలేసరికి మీ ముందు రెండు మూడు యంత్రాలకు మించి మిగలవు.

1. మీ సైకిల్ వెనక చక్రాన్ని పరిశీలించండి

వెనక చక్రం ఫ్రేముకు ఎలా బిగించి ఉందో చూడండి. రిమ్ బ్రేకులున్న పాత రోడ్ సైకిళ్లకు సాధారణంగా 130 మి.మీ. వెడల్పున క్విక్ రిలీజ్ (చేతి మీటతో బిగించే సన్నటి ఇరుసు) ఉంటుంది. హైబ్రిడ్ సైకిళ్లకు, పాత మౌంటెన్ బైకులకు అదే 135 మి.మీ. ఉంటుంది. డిస్క్ బ్రేకులున్న కొత్త రోడ్, గ్రావెల్ సైకిళ్లకు 142 మి.మీ. వెడల్పున, 12 మి.మీ. మందం గల థ్రూ యాక్సిల్ (ఫ్రేములోకి మరలాగా బిగించే ఇరుసు) ఉంటుంది. కొత్త మౌంటెన్ బైకుల్లో బూస్ట్ అనే 148 మి.మీ. కొలత ఎక్కువ. మొదటి మూడు కొలతలకు కావలసిన అడాప్టర్లు మంచి ట్రైనర్ల పెట్టెలోనే వస్తాయి. బూస్ట్‌కు మాత్రం కొన్ని కంపెనీలవి విడిగా కొనవలసి వస్తుంది కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి.

తర్వాత వెనక గేర్లు లెక్కపెట్టండి. వెనక చక్రాన్ని తీసేసి, చైన్‌ను నేరుగా యంత్రానికే తగిలించే డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్ కొనాలనుకుంటే, దానికి మీ సైకిల్‌కు సరిపోయే క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) ఉండాలి. షిమానో 8 నుంచి 11 గేర్ల క్యాసెట్లు, షిమానో రోడ్ 12 గేర్ల క్యాసెట్లు చాలా ట్రైనర్లకు అమర్చి ఇచ్చే మామూలు హైపర్‌గ్లైడ్ రకం ఫ్రీహబ్ (క్యాసెట్‌ను తొడిగే భాగం) మీద కూర్చుంటాయి. స్రామ్ కంపెనీ 12 గేర్ల రోడ్ సైకిళ్లలో చాలావాటికి ఎక్స్‌డీఆర్ అనే వేరే ఫ్రీహబ్ కావాలి. షిమానో 12 గేర్ల మౌంటెన్ బైకులకు మైక్రో స్ప్లైన్ అనే మరో ఫ్రీహబ్ కావాలి. ఈ చిన్న ముక్క ట్రైనర్ ధరలో కలిసి ఉండదు. ఒకే ట్రైనర్ మీద ఇంట్లో ఇద్దరు వేర్వేరు గేర్ల సైకిళ్లు తొక్కాలనుకుంటే, ఒకే పళ్ల చక్రం గల జ్విఫ్ట్ కాగ్ ఉన్న రకం చూడండి. అందులో చైన్ ఒకచోటే ఉంటుంది, గేరు మార్చినట్టు తొక్కే బరువును యంత్రమే మారుస్తుంది. అందువల్ల 8 గేర్ల సైకిలైనా 12 గేర్ల సైకిలైనా అమరుతుంది.

సూపర్‌మార్కెట్లో కొన్న సైకిల్‌కు వెనక ఇరుసు నట్లతో బిగించి ఉండవచ్చు. వెనక చక్రం నడుమనే గేర్లు దాచిన సైకిళ్లు, వెనక చక్రంలో మోటారున్న ఎలక్ట్రిక్ సైకిళ్లు డైరెక్ట్ డ్రైవ్‌కు పనికిరావు. అటువంటప్పుడు సైకిల్ షాపుకు తీసుకెళ్లి చూపించడమే మేలు. పాత సైకిల్‌కు మార్పులు చేయించే ఖర్చు కంటే, వాడిన రోడ్ సైకిల్ ఒకటి కొని ట్రైనర్ మీదే శాశ్వతంగా ఉంచడం చవక పడవచ్చు. కార్బన్ ఫ్రేము ఉన్నవారు ట్రైనర్ వాడకం గురించి వారంటీ పత్రంలో ఏమి రాశారో చదవాలి. అన్ని కంపెనీల నిబంధనలూ ఒకటి కావు.

2. గదిని చూసుకోండి: చప్పుడు వేరు, అదురు వేరు

సొంత ఇంట్లో బేస్‌మెంట్ ఉన్నవారికి ఈ భాగంలో పెద్ద చింత లేదు. సిమెంటు నేల, చల్లటి గాలి, పక్కన ప్లగ్ ఉంటే చాలు. సైకిల్‌కు, దిగి ఎక్కడానికి, ముందు ఫ్యాన్‌కు కలిపి సుమారు ఏడడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు స్థలం వదలండి.

అపార్ట్‌మెంట్లో ఉండేవారు మాత్రం జాగ్రత్తగా ఆలోచించాలి. అమెరికాలో రెండు మూడంతస్తుల అపార్ట్‌మెంట్లు చాలావరకు చెక్క చట్రాలతో కట్టినవి. మీ చెవికి వినిపించే చప్పుడు గదిలోనే ఆగిపోవచ్చు గానీ, పెడల్ తొక్కే లయతో వచ్చే అదురు దూలాల గుండా కింది ఇంటి పైకప్పుకు చేరుతుంది. ‘నిశ్శబ్దమైన ట్రైనర్’ అని ప్రకటనల్లో చెప్పేది మొదటిదాని గురించే. టైరు రోలర్ మీద రాసుకుంటూ తిరిగే రకాలు ఈ విషయంలో అన్నిటికంటే కష్టం, గరుకు టైర్లతో మరీ కష్టం. డైరెక్ట్ డ్రైవ్ రకాల్లో వినిపించేది దాదాపుగా మీ చైన్ చప్పుడే. అయినా అదురు కొంత ఉంటుంది. అడుగున దట్టమైన ఫోమ్, దాని పైన మందపాటి రబ్బరు మ్యాట్ పరచి, గది నడుమ కాకుండా గోడ వారగా పెడితే అదురు తగ్గుతుంది. ట్రైనర్ వచ్చిన మొదటి రోజునే కింది ఇంటివారికి విషయం చెప్పి, మీరు తొక్కుతున్నప్పుడు వారికి ఎలా వినిపిస్తోందో అడగండి. దుకాణంలో తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే ఈ సంగతి తేలిపోవాలి.

వేడి లేని గరాజులో పెట్టాలనుకునేవారు, ఆ యంత్రం ఎంత చలిలో పని చేస్తుందో తయారీదారు చెప్పిన హద్దు చూడాలి. ద్రవంతో పనిచేసే ట్రైనర్లలో ఆ ద్రవం చలికి చిక్కబడి, మొదటి పది నిమిషాలు తొక్కడం బరువుగా ఉంటుంది.

3. ఎందుకు తొక్కుతున్నారో ఒక వాక్యంలో రాసుకోండి

‘వారానికి మూడు సార్లు చెమట పట్టాలి’ అన్నది ఒక అవసరం. ‘జూన్‌లో వంద మైళ్ల రైడ్ ఉంది, దానికి సిద్ధం కావాలి’ అన్నది మరొకటి. మొదటిదానికి వాట్లు చూపే యంత్రం అక్కరలేదు. రెండోదానికి వాట్ల కొలత నిజంగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఇంట్లో వేగం అనే మాటకు అర్థం లేదు, ఎంత శక్తి పెడుతున్నామన్నదే లెక్క. ఇంట్లో మరొకరు కూడా వాడతారా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోండి. భార్యాభర్తలిద్దరూ వాడేటప్పుడు, వారి ఎత్తుల్లో తేడా ఎక్కువ ఉన్నప్పుడు, సైకిల్‌ను ట్రైనర్‌కు బిగించే పద్ధతి విసుగు పుట్టిస్తుంది.

4. ఇప్పుడు యంత్రాలను పోల్చండి

రోలర్లలో సైకిల్‌ను దేనికీ బిగించరు. మూడు గొట్టాల మీద నిలబెట్టి, బ్యాలెన్స్ చేసుకుంటూ తొక్కాలి. తిన్నగా, సాఫీగా తొక్కడం నేర్పడంలో దీనికి సాటి లేదు. గుమ్మం మధ్యలో పెట్టుకుని, రెండు వైపులా చేతికి ఆనుకునే ఆధారం ఉండగా నేర్చుకోవాలి. కానీ చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో, ఒళ్లు తెలియకుండా గట్టిగా తొక్కాలనుకునేవారికి నేను దీన్ని సూచించను. ధర సుమారు 150 నుంచి 400 డాలర్లు.

వెనక టైరును చిన్న రోలర్‌కు నొక్కి పెట్టే వీల్ ఆన్ రకాల్లో అయస్కాంతంతో పనిచేసేవి చవక. వంద, రెండు వందల డాలర్లకే దొరుకుతాయి. బరువు మార్చడానికి హ్యాండిల్ దగ్గర ఒక మీట ఉంటుంది, అంతే. ద్రవంతో పనిచేసేవాటికి ఆ మీట కూడా అక్కరలేదు. లోపలి రెక్కలు చిక్కటి ద్రవాన్ని చిలుకుతాయి కాబట్టి మీరు వేగం పెంచిన కొద్దీ బరువు దానంతట అదే పెరుగుతుంది, గేరు మారిస్తే చాలు. తొక్కుతుంటే రోడ్డు మీద ఉన్న భావన దీనిలో బాగా వస్తుంది. పైగా కరెంటు అక్కరలేదు. 250 నుంచి 400 డాలర్ల లోపు ఖర్చు పెట్టగలిగి, వాట్ల పట్టింపు లేనివారికి ఇప్పటికీ ఇది గట్టి ఎంపికని నా నమ్మకం. ఇందులో ఒక్క జాగ్రత్త తప్పనిసరి. టైరు గాలి ప్రతిసారీ ఒకేలా ఉండాలి, రోలర్‌ను టైరుకు ఆనించాక తిప్పే మరను ప్రతిసారీ అదే లెక్కకు తిప్పాలి. లేకపోతే ఈరోజు తేలికగా, రేపు బరువుగా ఉంటుంది. మామూలు టైరు వేడికి త్వరగా అరిగి నల్లటి పొడి రాలుస్తుంది కనుక ట్రైనర్ టైరు అనే గట్టి రబ్బరు టైరు వేసుకోవచ్చు. దానితో రోడ్డు మీదికి మాత్రం వెళ్లకండి, పట్టు ఉండదు.

డైరెక్ట్ డ్రైవ్ స్మార్ట్ ట్రైనర్ నేడు ఎక్కువమంది చివరికి చేరుకునే చోటు. వాహూ కంపెనీ 2012లో కికర్ అనే ట్రైనర్‌ను తెచ్చాక ఈ రకం ఇళ్లలోకి వచ్చింది. ఇటలీకి చెందిన ఎలీట్, 2019లో గార్మిన్ కొనుక్కున్న టాక్స్ కూడా వీటిని తయారుచేస్తున్నాయి. టైరు జారడం, అరగడం, గాలి కొలవడం వంటి గొడవలేవీ ఉండవు. వాట్లు నమ్మదగినట్టు చూపిస్తాయి. యాప్ ఆదేశిస్తే బరువును తామే మార్చుకుంటాయి. చాలావాటి ధర సుమారు 500 నుంచి 1300 డాలర్ల దాకా ఉంటుంది. వారానికి మూడు సార్లకు మించి తొక్కుతామని నమ్మకమున్నవారు ఈ రకంలో అతి తక్కువ ధరది కొనుక్కుంటే చాలు.

సైకిల్, ట్రైనర్ ఒకటిగా ఉండే పూర్తి స్మార్ట్ బైకుల్లో చాలావాటి ధర రెండున్నర వేల డాలర్ల పైమాట. ఇద్దరు ముగ్గురు వాడే ఇంట్లో, సీటు ఎత్తు క్షణంలో మార్చుకోవచ్చు కాబట్టి, వాటికి అర్థం ఉంది. స్పిన్ బైకులు చవకే గానీ, వాటిలో చాలావాటి బరువైన చక్రం పెడళ్లతోపాటే తిరుగుతూ ఉంటుంది, రోడ్డు సైకిల్‌లా కాళ్లు ఆపడం కుదరదు. మోకాళ్ల నొప్పులున్నవారు కూర్చుని చూడకుండా కొనవద్దు.

5. ప్రకటనలోని అంకెలను మీ కాళ్లతో కొలవండి

2200 వాట్ల దాకా తట్టుకుంటుంది, 20 శాతం ఎత్తు (వంద మీటర్లకు 20 మీటర్లు ఎక్కే వాలు) అనుకరిస్తుంది అని రాసి ఉంటుంది. ఒక లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి, 9 కిలోల సైకిల్, 10 శాతం ఎత్తు కొండ మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి సుమారు 225 వాట్లు కావాలి. మామూలు సాధన చేసేవారు గంటసేపు నిలబెట్టుకోగలిగేది సాధారణంగా ఇంతకంటే తక్కువే. స్ప్రింట్ రేసులు చేసేవారికి తప్ప ఆ పై అంకెలకు ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థం లేదు.

కచ్చితత్వం అంకె మాత్రం చూడండి. ఖరీదైనవాటికి ఒక శాతం, మధ్యరకానికి రెండు శాతం అటూఇటూ అని ఇస్తారు, వీల్ ఆన్ రకాల్లో ఇది ఇంకా ఎక్కువ. శిక్షణకు రెండు శాతం ధారాళంగా సరిపోతుంది. ఫ్లైవీల్ (యంత్రంలో తిరిగే బరువైన చక్రం) బరువు మరో ముఖ్యమైన అంకె. అది ఎక్కువుంటే తొక్కడం సాఫీగా ఉంటుంది, కాలు కిందికి పైకి మారేచోట కుదుపు తెలియదు. ఐదారు కిలోలున్నది చాలామందికి తృప్తినిస్తుంది. చివరగా, బ్లూటూత్‌తోపాటు ఏఎన్‌టీ ప్లస్ అనే మరో వైర్‌లెస్ పద్ధతి కూడా ఉందో లేదో చూడండి. చాలా ట్రైనర్లు బ్లూటూత్ మీద ఒకసారికి ఒక్క పరికరంతోనే మాట్లాడతాయి. ఫోను పట్టేసుకుంటే ల్యాప్‌టాప్‌కు దొరకదు. ‘కనెక్ట్ కావడం లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే కారణం.

6. ట్రైనర్ ధరలోంచి కొంత తగ్గించి ఫ్యాన్ కొనండి

ఈ విషయంలో నాది గట్టి అభిప్రాయం. బడ్జెట్ బిగుతుగా ఉంటే ట్రైనర్‌లో ఒక మెట్టు దిగండి గానీ, ఫ్యాన్ మానుకోకండి. మన శరీరం ఖర్చుచేసే శక్తిలో పెడల్‌కు చేరేది 20 నుంచి 25 శాతమే. 200 వాట్లతో తొక్కేవారి ఒంట్లోంచి 600 నుంచి 800 వాట్ల వేడి వెలువడుతుంది. చిన్న గది హీటరును తక్కువ మీద పెట్టి దాని పక్కనే కూర్చున్నట్టు అది. రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల గాలి ఆ వేడిని తీసుకుపోతుంది. ఇంట్లో ఆ గాలి లేకపోతే గుండె వేగం పెరుగుతూ పోతుంది, కాళ్లలో బలం ఉన్నా అరగంటకే దిగిపోవాలనిపిస్తుంది. చాలామంది దాన్ని తమ బలహీనత అనుకుని సాధన మానేస్తారు. బయట మైనస్ పది డిగ్రీలున్నా లోపల ఫ్యాన్ కావలసిందే. మేజా మీది చిన్న ఫ్యాన్ చాలదు. నేల మీద పెట్టే బ్లోయర్ రకం, గాలిని గట్టిగా ఒకచోటికి తోసేది, ఛాతీకీ ముఖానికీ తగిలేలా పెట్టండి. వంద డాలర్ల లోపే వస్తుంది.

చెమట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. హ్యాండిల్ మీద తువాలు వేయకుండా శీతాకాలమంతా తొక్కిన సైకిల్‌కు వసంతంలో టేపు విప్పి చూస్తే, అల్యూమినియం గొట్టం మీద తెల్లటి పొడి పొక్కులు కనిపిస్తాయి. బ్రేకు మీటలు బిగించే చోట, హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్ బోల్టుల తలల్లో తుప్పు పేరుకుంటుంది. ఆ పొడి కింద లోహం పలచబడి ఉంటుంది, అలాంటి హ్యాండిల్ రోడ్డు మీద విరిగే ప్రమాదం ఉంది. ప్రతిసారీ హ్యాండిల్ నుంచి పై గొట్టం దాకా తువాలు కప్పండి, దిగాక తడి గుడ్డతో తుడవండి, ఏడాదికోసారి టేపు మార్చండి.

7. యాప్ గురించి ముందే నిర్ణయించుకోవద్దు

ఇంట్లో తొక్కేవారిని తెర మీద ఒకచోట కలిపే జ్విఫ్ట్ యాప్‌కు అమెరికాలో నెలకు 19.99 డాలర్లు. నలుగురితో కలిసి తొక్కుతున్న ఉత్సాహం కావాలనుకునేవారికి అది విలువైనదే. అటువంటిదే అయిన మైవూష్ ఉచితం. శిక్షణ ప్రణాళిక మాత్రమే కావాలనుకుంటే ట్రైనర్‌రోడ్ వంటివి ఉన్నాయి. మొదటి నెల ఉచితమైనదానితో గడపండి. ఏడాది చందా ముందే కట్టవద్దు.

8. ఎక్కడ, ఎలా కొనాలి

కొత్తది కొనేటట్లయితే థాంక్స్‌గివింగ్ వారంలో తగ్గింపులు వస్తాయి. వాడినది కొనేటట్లయితే మార్చి, ఏప్రిల్ నెలల్లో చూడండి, చలి తగ్గగానే చాలామంది అమ్మకానికి పెడతారు. వాడినదాన్ని తప్పక తొక్కి చూడాలి. వేగంగా తొక్కి ఒక్కసారిగా కాళ్లు ఆపండి. ఫ్లైవీల్ సాఫీగా తిరుగుతూ నెమ్మదించాలి, గరగర, టకటక వినిపిస్తే బేరింగో బెల్టో అరిగినట్టు. దాని అసలు పవర్ అడాప్టర్ ఉందో లేదో చూడండి. ఫోన్ యాప్‌లో ట్రైనర్ కనిపించి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతుందో లేదో అక్కడే నిలబడి పరీక్షించండి.

కొందరు దీన్ని తర్వాత హైదరాబాదుకో విజయవాడకో పంపాలనుకుంటారు. వానాకాలంలో, ట్రాఫిక్ మధ్య తొక్కలేనివారికి అక్కడా ఇది ఉపయోగమే. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు అని ముద్రించి ఉంటేనే అక్కడ ప్లగ్ మార్చి వాడుకోవచ్చు. బరువు కూడా చూసుకోండి. డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్లు చాలావరకు 15 నుంచి 22 కిలోలు తూగుతాయి, విమానంలో ఒక పెట్టెకు అనుమతించే 23 కిలోలు దాదాపు దానికే అయిపోతాయి.

9. బిగించి, మొదటి వారం ఇలా తొక్కండి

క్యాసెట్ అమర్చడానికి లాక్‌రింగ్ బిగించే పరికరం ఒకటి చాలు. 11 గేర్ల ఫ్రీహబ్ మీద 8, 9, 10 గేర్ల క్యాసెట్ పెడుతుంటే ముందుగా పెట్టెలో వచ్చిన 1.85 మి.మీ. రింగు వేయాలి. కొన్ని 10 గేర్ల షిమానో క్యాసెట్లకు దానితోపాటు 1 మి.మీ. రింగు కూడా కావాలి. ఫ్రీహబ్ మీది గాడుల్లో ఒకటి మిగతావాటికంటే వెడల్పులో తేడాగా ఉంటుంది. పళ్ల చక్రం ఒక్క తీరులోనే దిగుతుంది, దిగకపోతే బలవంతం చేయక తిప్పి చూడండి. లాక్‌రింగ్‌ను 40 న్యూటన్ మీటర్లకు బిగించాలి. బిగించాక చేత్తో కదిపితే పళ్ల చక్రాలు అటూఇటూ ఆడకూడదు. ఆడితే రింగు మరిచినట్టే. వీల్ ఆన్ రకానికి మాత్రం సైకిల్‌తో వచ్చిన తేలికపాటి క్విక్ రిలీజ్ తీసేసి, ట్రైనర్‌తో ఇచ్చిన ఉక్కుది వేయాలి.

మొదటిసారి పది నిమిషాలు తొక్కి, యంత్రం వేడెక్కాక, యాప్‌లో స్పిన్‌డౌన్ చేయండి. చెప్పిన వేగానికి తొక్కి కాళ్లు ఆపితే, చక్రం ఆగడానికి పట్టే సమయాన్ని బట్టి యంత్రం తన కొలతను సరిచేసుకుంటుంది. కొత్త రకాల్లో కొన్ని దీన్ని తమంతట తామే చేసుకుంటాయి.

యాప్ వాట్లను స్థిరంగా ఉంచే ఎర్గ్ పద్ధతికి అలవాటు పడడానికి కాస్త ఓపిక కావాలి. అందులో మీరు అలసి పెడల్ వేగం తగ్గించారంటే యంత్రం బరువు పెంచుతుంది, దాంతో వేగం ఇంకా తగ్గుతుంది, చివరికి పెడల్ కదలకుండా పోతుంది. అలా జరగబోతోందని తోచగానే క్షణం ఆగి, ఎర్గ్‌ను ఆపి, తేలిక గేరులో నిమిషానికి 85 సార్లకు పైగా తిప్పుతూ మళ్లీ మొదలుపెట్టండి. ఇంట్లో సైకిల్ మన కింద ఊగదు కాబట్టి బరువంతా సీటు మీద ఒకేచోట పడుతుంది. ప్రతి పది నిమిషాలకొకసారి అర నిమిషం లేచి నిలబడి తొక్కండి. మొదటి వారం ఒక్కోసారి 30 నుంచి 40 నిమిషాలు చాలు, మూడు సార్లకు మించవద్దు. ఆ వారం చివర్లో క్విక్ రిలీజ్ లేదా థ్రూ యాక్సిల్ బిగువు, ట్రైనర్ కాళ్ల బోల్టులు మరోసారి సరిచూసుకోండి.